ఉపసంహార విద్య

కొట్టుట నేర్పు గురువులు మన పేటలలో పెక్కుమంది కలరు. ఎత్తిన చేతిని దింపుట నేర్పువారెవరు?

చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయము మొదలుకొని అశోక్‌నగర్ చౌరస్తా వరకు గల వీథులలో నీతిశాస్త్రము పరీక్షాపాఠ్యమై యున్నది. సివిల్ సర్వీసుల మెయిన్ పరీక్షలో నైతిక విలువలు, ఋజువర్తనము మొదలగు విషయములపై 250 మార్కుల ప్రత్యేక పత్రమును 2013లో ప్రవేశపెట్టిన నాటినుండి, జిల్లాలనుండి వచ్చి ఇక్కడి హాస్టళ్లలోను అద్దెగదులలోను తల దాచుకొని, ఉద్యోగప్రకటనకై నెలల తరబడి వేచియుండు యువతీయువకులు అరిస్టాటిల్‌ను, కాంట్‌ను, గాంధీజీని తమ నోట్సులలోనికి ఎక్కించుకొని, ధర్మసంకటములకు పరిష్కారములను నిర్ణీతమైన పదసంఖ్యలో వ్రాయుట అభ్యసించుచున్నారు. అది నింద్యము కాదు. అధికారము చేపట్టబోవువాడు ధర్మమును గూర్చి ముందుగా తలపోయుట మేలే. కాని అవే వీథులలో, పాఠశాలల ఆవరణలయందును, అపార్టుమెంట్ల మేడలపైనను, ఇందిరా పార్కు పరిసరములందును, తెల్లని దుస్తులు ధరించి వరుసలు తీరి పిడికిలి బిగించు బాలబాలికలు మరియొక నీతిపాఠమును, ప్రశ్నపత్రము లేని పాఠమును, నేర్చుకొనుచున్నారు. లేదా నేర్చుకొనవలసినవారై యుండియు నేర్చుకొనకయే ఇండ్లకు మరలుచున్నారు. ఈ రెండవ పాఠమును గూర్చియే నా విచారము.

సద్గుణము అభ్యాసమువలన అలవడునదియే కాని ఉపన్యాసమువలన కలుగునది కాదని, న్యాయమైన పనులు చేయుచు చేయుచు మనుష్యుడు న్యాయవంతుడగునని అరిస్టాటిల్ చెప్పిన సిద్ధాంతమును గదిలో కూర్చుండి కంఠస్థము చేయుట సులభము. ఎదుటివాని పిడికిలి ముక్కుపై తగిలి, కన్నుల నీరు గ్రమ్మి, మరల కొట్టుటకు బలమును అవకాశమును రెండును చేతిలో నున్న క్షణమున, నియమము గుర్తుండుటయే కాక నియమము చేతిని ఆపుట కష్టము. క్రోధమునకు ఇంత సమీపమున నిలిచి, దానిని ప్రతిదినము పలుకరించి, ప్రతిదినము పంపివేయు అవకాశము మనకు యుద్ధకళాభ్యాసములో దొరికినట్లు మరెక్కడను దొరకదు. ఆ అవకాశమును గురువు వాడుకొనినచో అది ధర్మవిద్య యగును. వాడుకొననిచో దౌర్జన్యమునకు తర్ఫీదు మాత్రమే యగును. నడిమి మార్గము నాకు కనబడుట లేదు.

మట్టికోటల నాటినుండి

ఈ పేటలకు దేహవిద్య క్రొత్తది కాదు. అశోక్‌నగరును ఆనుకొనియున్న దోమల్‌గూడలో వ్యాయామోపాధ్యాయులను తీర్చిదిద్దు ప్రభుత్వ కళాశాల నిజాము కాలమునుండి ఉన్నది. అదే దోమల్‌గూడలోని రామకృష్ణ మఠము ఏ మహనీయుని స్మరణతో నడచుచున్నదో ఆ వివేకానందుడు 1893 ఫిబ్రవరిలో సికింద్రాబాదు మహబూబ్ కళాశాలలో ప్రసంగించి పోయినవాడు, దుర్బలదేహమును ధర్మమునకు ఆటంకముగా ఎంచినవాడు. మాడపాటి హనుమంతరావుగారు 1928లో బాలికలకై నెలకొల్పిన పాఠశాల నారాయణగూడలో స్థిరపడినది. కేశవరావు కోరట్కర్ స్మృత్యర్థము 1940లో వెలసిన కేశవ్ మెమోరియల్ విద్యాసంస్థయు అక్కడనే యున్నది. మూసీకి ఆవలి ఒడ్డున తాలీంఖానాలను కుస్తీశాలలు ఉండెను. నేడును కొన్ని ఉన్నవి. నూనె, పసుపు, మజ్జిగ కలిపి మెత్తజేసిన మట్టిలో దిగుటకు ముందు దానిని కన్నుల కద్దుకొనుట, ఉస్తాదు పాదములంటుట, ప్రత్యర్థితో చేయి కలుపుట అక్కడ ఆచారములు. ఆ మట్టిని మెత్తగా నుంచుట పడబోవువాని ఎముకలపై గల దయచేతనే యని గ్రహించినవారికి ఆ ఆచారముల వెనుక నున్న నీతి వేరుగా చెప్పనక్కరలేదు.

ఇంకను వెనుకకు పోయినచో, మన హైదరాబాదు సంస్థానములో ఒకప్పుడు అంతర్భాగమైయుండిన కల్యాణి నుండి పండ్రెండవ శతాబ్దమున రాజ్యమేలిన చాళుక్య సోమేశ్వరుడు తన మానసోల్లాసములో మల్లవినోదమునకు ప్రత్యేకముగా చోటిచ్చి, మల్లులను వయస్సును బట్టి, దేహమును బట్టి తరగతులుగా విభజించి, వారి ఆహారమును నిత్యసాధనను వివరించెను. సమానుడు సమానునితోనే తలపడవలెనన్న న్యాయము ఆ విభజనలో నిక్షిప్తమై యున్నది. కృష్ణదేవరాయలు తెల్లవారుజామున నువ్వులనూనె త్రావి, దేహమున పట్టించుకొని, బరువులెత్తి, కత్తి త్రిప్పి, తన మల్లులలో ఒకనితో కుస్తీ పట్టెడివాడని పోర్చుగీసు యాత్రికుడు డోమింగో పేస్ వ్రాసియుంచెను. ఎదురులేని చక్రవర్తి దినమునకొకమారు ఒక మల్లుని పట్టుకు తన మెడ నప్పగించెడివాడన్న మాట. ఆ విశ్వాసము లేనిదే అభ్యాసము లేదు. ఆంధ్రుల సాంఘిక చరిత్రలో రాజుల జైత్రయాత్రలకంటె ప్రజల ఆటపాటలకు, వినోదములకు పెద్దపీట వేసిన సురవరం ప్రతాపరెడ్డిగారు ఈ నగరముననే రెడ్డి హాస్టలుకు వార్డెనుగా నుండి పడుచువాండ్రను పెంచినవారు. సాము, గరిడీ, కుస్తీ అనునవి కేవలము కండలకు సంబంధించినవి కావని ఆ తరమువారికి తెలియును.

మన తరమునకు మాత్రము ఈ విద్య ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ సినిమాహాళ్ల తెరలమీదుగా వచ్చినది. 1973 నాటి ఎంటర్ ద డ్రాగన్ ప్రపంచమందలి బాలురనందరిని ఊపివేసినట్లే ఇక్కడివారిని ఊపివేసినది. 1999లో తమ్ముడు, 2003లో అమ్మ నాన్న ఓ తమిళ అమ్మాయి కిక్‌బాక్సింగును ఇంటింటి మాటగా జేసినవి. సినిమాపై నాకు కోపము లేదు; ఎందరో బాలురను సోమరితనమునుండి లేవదీసి మైదానమునకు తెచ్చినది అదియే. కాని తెరకు కావలసినది దెబ్బ. దెబ్బకు పూర్వము గురువు నేర్పిన నిగ్రహము తెరపై నిలువదు. దానిని మైదానములోనే నేర్పవలెను.

ద్రోణుని చేతిలో జరిగిన తప్పు

యుద్ధవిద్యయందలి ధర్మాధర్మములను గూర్చి మనవారు ఆలోచింపలేదని, ఆ తత్త్వమంతయు తూర్పుదేశములనుండి దిగుమతి చేసికొన్నామని కొందరనుకొందురు. వారు సౌప్తికపర్వమును మరియొకమారు చదువవలెను.

నిద్రించుచున్నవారిని వధించి వచ్చిన అశ్వత్థామ, భీముడు తరుముకొనిరాగా భయమునను క్రోధమునను బ్రహ్మశిరోనామకాస్త్రమును ప్రయోగించును. దానిని శమింపజేయుటకు అర్జునుడును అదే అస్త్రమును విడుచును. రెండు మంటల నడుమ లోకము దగ్ధము కానున్న తరుణమున నారదవ్యాసులు అడ్డు నిలిచి, ఇరువురిని అస్త్రములు మరల్చుకొనుడని ఆజ్ఞాపింతురు. అర్జునుడు మరల్చుకొనును. అశ్వత్థామ మరల్చుకొనలేడు, వలదనియు కాదు, చేతకాక. వ్రతనిష్ఠ లేనివాడు ఆ అస్త్రమును విడువగలడు గాని మరల పిలువలేడు, పిలిచెనా అది వాని తలనే త్రుంచును. తుదకు ఆతడు దానిని పాండవస్త్రీల గర్భములపైకి మళ్లించును. ఇరువురును ఒక్క గురువు శిష్యులు, ఇరువురును ఒక్క మంత్రమే నేర్చినవారు. భేదమంతయు ఉపసంహారమునందున్నది. యుద్ధకళలకు సంబంధించిన నీతినంతను ఒక్క సన్నివేశమున నిలిపి చూపుమన్నచో నేను ప్రపంచ వాఙ్మయములో దీనినే ఎన్నుకొందును.

అంతకంటెను లోతైన మాట ఆ పర్వముననే కృష్ణుడు ధర్మరాజునకు చెప్పును. ద్రోణుడు అర్జునునకు ఆ అస్త్రమును సంతోషముతో నిచ్చెను. కుమారుడు వచ్చి నాకును కావలెనని పట్టుబట్టగా, వాని చాపల్యమును ఎరిగియుండియు, అంత ఇష్టము లేకయే, మనుష్యులపై ప్రయోగింపవలదని మరీమరీ హెచ్చరించి యిచ్చెను. ఇచ్చుచునే, నీవు సజ్జనుల మార్గమున నిలువబోవవని కూడ అనెను. అనగా ఆతనికి తెలియును. శిష్యుని స్వభావము తెలిసియు హెచ్చరికతో సరిపెట్టుకొని ఆయుధమును చేతికిచ్చిన గురువు దోషమునకు దూరుడు కాడు. ఆ ద్రోణుడే ఏకలవ్యుని బొటనవ్రేలిని గురుదక్షిణగా కోరి తీసికొన్నవాడు. ఏకాగ్రతయందు, వినయమునందు సాటిలేని బాలుని పుట్టుకను బట్టి త్రోసివేసి, చపలచిత్తుడైన పుత్రునకు ప్రేమను బట్టి ఒసగిన ఆచార్యుడు రెండుమారులును పాత్రతను తప్పుగా కొలిచెను. మన పాఠ్యపుస్తకములు ద్రోణుని ఆదర్శగురువుగా చూపుట నాకు సమ్మతము కాదు; ఆయన పేర శిక్షకులకు జాతీయపురస్కారము నెలకొల్పినవారు ఈ కథనంతయు స్మరించిరో లేదో.

ప్లేటో రచించిన గోర్గియాస్ సంవాదములో ఈ ప్రశ్నయే మరియొక ముఖమున వచ్చును. మల్లశాలలో ముష్టియుద్ధము నేర్చిన కుర్రవాడు ఇంటికి పోయి తల్లిదండ్రులను కొట్టినచో గురువును నిందింపరాదని, ఊరినుండి వెడలగొట్టరాదని గోర్గియాస్ వాదించును; గురువు మంచికై ఇచ్చెను, శిష్యుడు చెడుకై వాడెను, దోషము శిష్యునిదే యని ఆయన యుక్తి. సోక్రటీసు ఊరకుండక, న్యాయమనగా నేమో తెలియని శిష్యుడు వచ్చినచో నీవు దానిని నేర్పెదవా లేదా యని నిలదీయును. నేర్పెదనని గోర్గియాస్ ఒప్పుకొనును. ఒప్పుకొన్నంతనే మొదటి వాదము కూలును; న్యాయము నేర్పితినన్నవాడు, అన్యాయము చేసిన శిష్యునితో నాకు పని లేదనుట కుదరదు. మన పేటలలోని మాస్టర్లు పలువురు నేడును గోర్గియాస్ మొదటి వాదమునే వినిపింతురు. నేను టెక్నిక్ నేర్పుతాను, క్యారెక్టర్ ఇంట్లో నేర్పుకోవాలి అన్నమాట ఎన్ని ఆవరణలలో వినబడదు! ఆ మాట చెల్లదని రెండువేల మూడువందల యేండ్లకు పూర్వమే తేలిపోయినది.

పడుట ముందు, పడద్రోయుట తరువాత

ఒకినావాలో బడిపంతులుగా పనిచేసి, 1922లో కరాటేను టోక్యోకు తెచ్చిన ఫునాకోషి గిచిన్ (1868–1957) తన శిష్యులకు విధించిన ఇరువది నియమములలో మొదటిది మర్యాద, రెండవది ముందుగా తాను చేయి చేసికొనకుండుట. కామకురలోని ఎంగాకుజీ మందిరమున ఆయన స్మారకశిలపై ఈ రెండవ నియమమే చెక్కబడి యున్నది. ఆయన సంప్రదాయమున పిల్లలు మొట్టమొదట నేర్చు హేయాన్ కటాలు అయిదును రక్షణక్రియతోనే ఆరంభమగును. ఏ ఒక్కటియు దెబ్బతో మొదలుకాదు. నీతిని గోడమీద వ్రాయించుటకంటె దేహచలనములోనే కూర్చినందున, అర్థము తెలియని ఆరేండ్ల పిల్ల కూడ దానిని వేలమార్లు ఆచరించి, అర్థము తెలియు వయస్సు వచ్చునప్పటికి దానిని తన స్వభావముగా చేసికొనగలదు. మన ఆవరణలలో బారులు తీరి గెదాన్ బరాయ్ అను రక్షణక్రియను చేయు పిల్లలకు ఈ సంగతి చెప్పువారు ఎందరున్నారో!

1882లో కొడోకాన్‌ను స్థాపించిన కానో జిగోరో జూడోను విద్యాశాస్త్రముగా చూచినవాడు. ఆ విద్యలో మొదట నేర్పునది పడుట. ఎదుటివానిని విసరివేయు ముందు, తాను విసరివేయబడి క్షేమముగా లేచుట నేర్వవలెను. తనకు దేహము నప్పగించి పడుటకు సిద్ధపడిన సహాధ్యాయి లేనిదే ఎవ్వడును ఏ పట్టును నేర్వలేడు గనుక, వాని మేలే తన మేలని కానో సిద్ధాంతీకరించెను. రవీంద్రుడు ఈ విద్యను ఆదరించి, తకాగాకి షింజోను 1929లో శాంతినికేతనమునకు రప్పించి తన విద్యార్థులకు, బాలికలకు సహా, నేర్పించెను. బలమును కవి ఏల పిలిచెనని ఆశ్చర్యపడనక్కరలేదు.

ఈ నిగ్రహము ఆదర్శవాదుల కలగా మిగిలిపోలేదనుటకు ఇటీవలి యొక తీర్పును చూపవచ్చును. 2021 ఆగస్టు 7న టోక్యో ఒలింపిక్సులో, 75 కిలోలకు పైబడిన పురుషుల కరాటే కుమితే తుదిపోరు జరుగుచుండెను. సౌదీ అరేబియాకు చెందిన తారెగ్ హమేదీ 4–1 ఆధిక్యముతో నుండి, ఎత్తుగా విసరిన కాలితో ఇరాను క్రీడాకారుడు సజ్జాద్ గంజ్‌జాదేను నేల గూల్చెను. గంజ్‌జాదే స్పృహ దప్పి స్ట్రెచరుపై వెలుపలికి తరలింపబడెను. నిర్ణేతలు కొంతసేపు చర్చించి, నియమమునకు మించిన బలము వాడినందుకు హమేదీని అనర్హునిగా ప్రకటించిరి. స్పృహ వచ్చినపిమ్మట గంజ్‌జాదే తాను స్వర్ణపతకము గెలిచితినని తెలిసికొనెను. లోకమున చాలమంది ఆ తీర్పును విడ్డూరమనిరి. పడగొట్టినవాడు ఓడుటయు, పడినవాడు గెలుచుటయు ఏమి న్యాయమనిరి. నాకు మాత్రము అది కరాటే తన మూలసూత్రమునకు కట్టుబడి యిచ్చిన తీర్పుగానే తోచుచున్నది. తాకీ తాకనట్లు దెబ్బను ఆపగలుగుటయే ఆ క్రీడలో నైపుణ్యమునకు కొలమానమైనప్పుడు, ఆపలేనివాడు ఎంత బలవంతుడైనను నైపుణ్యమున తక్కువవాడే. అక్కడ తప్పినది ఉపసంహారము.

మన ఆవరణలలో

ఇక మన పేటల సంగతి. మాస్టారూ, మావాడికి బ్లాక్ బెల్టు ఎప్పుడొస్తుందండీ? ఇది చేర్చిననాడే తల్లిదండ్రులు అడుగు ప్రశ్న. రెండేళ్లలో ఇప్పిద్దాంలెండి అనువాడు వ్యాపారి, గురువు కాడు. తెలుపు, పసుపు, నారింజ, ఆకుపచ్చ, నీలము, గోధుమ, నలుపు అని రంగులు మారుచుండగా రంగు రంగునకు పరీక్షారుసుము, సర్టిఫికెట్టు, ఫొటో. సంఘములు అనేకము, ఒక సంఘమిచ్చిన బెల్టును మరియొక సంఘము అంగీకరింపకపోవచ్చును. అద్దె కట్టుకొని, పిల్లలు రాని వానకాలపు నెలలను నెట్టుకొనివచ్చు మాస్టరునకు రుసుము కావలెను. దానిని నేను తప్పుపట్టను. సిద్ధము కాని పిల్లవానికి నల్లబెల్టు కట్టుటను తప్పుపట్టెదను. అది వానికి అసత్యమును నడుమునకు చుట్టి పంపుట. తాను సమర్థుడనని నమ్మి వీథిలో కత్తికి ఎదురేగిన బాలుని ప్రాణమునకు ఆ అసత్యమే పూచీ.

ఇంతకంటె బరువైన విషయమొకటి కలదు. గురువు దేహమును తాకి నేర్పు విద్య ఇది. అందుచేత ఇక్కడ గురువునకు గల అధికారము గణితోపాధ్యాయునకు గల అధికారమువంటిది కాదు. క్రమశిక్షణ యను పేర పసివానిని చెంపదెబ్బ కొట్టుట, గురుభక్తి యను పేర ప్రశ్నింపనీయకుండుట, సరిదిద్దుట యను పేర బాలికను తాకరాని విధమున తాకుట, ఇవన్నియు ఆ అధికారపు నీడలో పెరుగు పాపములు. 2023లో వినేశ్ ఫోగట్, సాక్షి మలిక్ వంటి మల్లయోధురాండ్రు ఢిల్లీ జంతర్ మంతర్ వద్ద వీథిలో కూర్చుండి లైంగికవేధింపులపై న్యాయము కోరవలసివచ్చుట దేశమంతయు చూచినది. ఒలింపిక్ పతకము గెలిచిన బాహువులకే అంత కష్టమైనప్పుడు, చిక్కడపల్లి సందులోని పండ్రెండేండ్ల పిల్ల ఎవరితో చెప్పుకొనును? తల్లిదండ్రులు ఎప్పుడైనను లోనికి వచ్చి చూచుటకు వీలులేని శిక్షణాలయమును నేను శిక్షణాలయముగా పరిగణింపను.

బాలికలకు ఆత్మరక్షణ నేర్పుట నేడు ప్రభుత్వమే తలకెత్తుకొన్న పని. రాణీ లక్ష్మీబాయి పేరిట ప్రభుత్వపాఠశాలలలో శిక్షణ సాగుచున్నది, మన నగరమున 2014 అక్టోబరులో షీ టీములు వెలసినవి. ఇవి మంచివి. నిజామాబాదు బాలిక నిఖత్ జరీన్ 2022లోను 2023లోను బాక్సింగులో ప్రపంచవిజేత యగుట చూచిన మన ఆడపిల్లల నడకలోనే మార్పు వచ్చినది. అయినను ఒక మాట స్పష్టముగా చెప్పవలసియున్నది. పిడికిలి నేర్వని పిల్లపై దాడి జరిగినచో తప్పు పిల్లది కాదు. ఆత్మరక్షణను బాలికకు హక్కుగా నేర్పవలెనే గాని, నగరము తన కర్తవ్యమును ఆమె భుజములపైకి నెట్టివేయు సాధనముగా నేర్పరాదు.

చట్టమును కూడ ఈ శిక్షణలో ఒక భాగముగా చేయవలెను. 2024 జూలై 1న అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయసంహిత 34వ సెక్షను మొదలు 44వ సెక్షను వరకు ఆత్మరక్షణహక్కును వివరించుచు, 37వ సెక్షనులో, రక్షణకు అవసరమైనంతకు మించి హాని చేయు హక్కు ఎవ్వరికిని లేదని నిర్దేశించినది. నేల గూలినవానిపై రెండవ తాపు వేయుటతో హక్కు ముగిసి నేరము మొదలుకావచ్చును. దుర్యోధనుని తొడ విరుగగొట్టిన భీమునిపై బలరాముడు నాగలి ఎత్తినది ఈ హద్దును గూర్చియే. తన పక్షమువాని తప్పును వ్యాసుడు దాచలేదు. నల్లబెల్టు పరీక్షలో పలకలు పగులగొట్టించు మాస్టర్లు ఈ సెక్షనును గూర్చి రెండు ప్రశ్నలు అడిగినచో ఎంత బాగుండును!

ఈ హద్దు అశోక్‌నగరు గదులలో చదువుకొనుచున్నవారికి మరింత అవసరము. వారిలో ఎందరో రేపటి కానిస్టేబుళ్లు, ఎస్సైలు. పరుగుపందెమునకై వేకువనే మైదానములకు పోవు ఈ యువతీయువకుల చేతికి ఒకనాడు లాఠీ వచ్చును. ఆనాడు వారి ఎదుట నుండునది పరీక్షాపత్రము కాదు, చేతులు పైకెత్తిన మనుష్యుడు. 250 మార్కుల పత్రమున ఎంత వ్రాసినను, ఆ క్షణమున పనిచేయునది దేహమునకు అలవడినదే. అందుచేత వారు గ్రంథాలయమున గడుపు దినములో ఒక గంటను, మంచి గురువు దొరికినచో, కుస్తీకో జూడోకో కరాటేకో ఇచ్చుట వృథాకాలము కాదని నా విన్నపము. ఓడుట, పడుట, తన బలమును తాను అదుపులో నుంచుకొనుట అక్కడ అభ్యాసమగును.

తల్లిదండ్రులకు కూడ ఒక విన్నపము. వేసవి సెలవులలో మీ పిల్లను గాని పిల్లవానిని గాని చేర్పించుటకు పోయినప్పుడు, రుసుము చెల్లింపకముందే ఒక సాయంకాలము ఆ ఆవరణలో కూర్చుండి చూడుడు. పెద్దపిల్లవాడు చిన్నవానితో తలపడునప్పుడు తన బలమును తగ్గించుకొనుచున్నాడా? దెబ్బ తగిలి ఏడ్చిన పిల్లను మాస్టరు ఏమనుచున్నాడు? ఆపు అన్న మాట వినబడినంతనే చేతులు ఆగుచున్నవా? ఇవి చూచి, మాస్టరును సూటిగా ఒక ప్రశ్న అడుగుడు: మీరు ఎవరికైనా నేర్పనని పంపించివేశారా, ఎందుకు? తాను కాదని పంపివేసిన శిష్యుని గూర్చి, ఆ కారణమును గూర్చి తడుముకొనక చెప్పగలవాడు దొరికినచో, బెల్టు ఎప్పుడు వచ్చునని అడుగక మీ బిడ్డను ఆయనకు అప్పగింపుడు.